పొంగిన రొట్టె

అతని భార్య చావుకు కారణం ఆమె సొంత తమ్ముడు. నిప్పు కాలుస్తుంది, నీరు పల్లానికి పోతుంది, ఆమెను ఆమె తమ్ముడు చంపాడు. బేకరీ ఆయన దృష్టిలో ఈ మూడూ ఒక్క వరుసలోవే. వీటి మీద ఎవరైనా వాదానికి దిగితే అతను జవాబు చెప్పడు. చెయ్యి తుడుచుకుని లోపలికి పోతాడు.

తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. చిన్నప్పుడు ఆమె చంకలో పెరిగినవాడు. అక్క పెళ్ళయ్యాక ఆమె వెంటే వచ్చి ఇదే వీధిలో పడ్డాడు, ఇదే బేకరీలో బన్నులు తిని పెద్దవాడయ్యాడు. కంచే చేను మేసిందంటే ఇంకెలా ఉంటుంది?

పగలంతా పంచదార పాకం మరిగే ఇంట్లో ఆమెకు పంచదార జబ్బు వచ్చింది. దానికామె నవ్వేది. "ఊరందరికీ తీపి పంచుతుంటే దేవుడు నా వంతు నా ఒంట్లోనే దాచాడు" అనేది. పొద్దున్నే మొదటి విడత రొట్టెలు బట్టీలోకి వెళ్ళగానే చేతులు కడుక్కుని, పొట్ట పక్కన సూది పొడుచుకునేది. ఆ తర్వాతే టీ. దానికి ఏడవడం గానీ, ఎవరితోనైనా చెప్పుకోవడం గానీ లేదు. పిండి జల్లించడం ఎంతో సూది పొడుచుకోవడం అంతే.

నెలనెలా మందిరంలో అందరూ ఒకే రొట్టె పంచుకు తినే ప్రభువు బల్లకు రొట్టె వాళ్ళింటి నుంచే వెళ్ళేది. బల్ల రొట్టెలో ఈస్ట్ పడకూడదు. పులిసిన పిండి అంటే పాపానికి గుర్తు, మనసులో దాచిన కసికి గుర్తు అని ఆ సంఘం నేర్పేది. అందుకని ఆమె దానికి వేరే చెక్క పలక పెట్టింది. వేరే గిన్నె, వేరే తువ్వాలు. ఆ పలక మీద మామూలు పిండి చెయ్యి పెడితే మొగుడినైనా ఊరుకునేది కాదు. "ఆ చెయ్యి తీస్తావా, మందిరం అయ్యగారిని పిలవమంటావా?" అనేది. అతను చెయ్యి తీసేవాడు.

ఇంత శుద్ధిగా ఉండే మనిషినే నూనెయ్య పట్టుకున్నాడు.

నూనెయ్య అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. టైర్ల షాపు మీద అద్దె హాల్లో శుక్రవారం కూటాలు పెట్టేవాడు. రోగి నుదుటి మీద నూనె రాసి, తల వెనక్కి నెట్టి ప్రార్థన చేసేవాడు. డ్రైవరుకు నడుం నొప్పి తగ్గిందట. అంతే, అక్కకు చెప్పాడు. అక్కను తన బస్సులో ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. నూనెయ్య ఆమెను చూసి ఒక్క మాటే అన్నాడు: "ఒక చేతిలో సూది పట్టుకుని రెండు చేతులూ ఎత్తి ఎలా స్తుతిస్తావమ్మా? నీ మనసు సగం డాక్టరు దగ్గర, సగం దేవుడి దగ్గర. సగం మనసు ఆయనకెందుకు?"

వేరేవాళ్ళయితే ఆ మాట విని ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేవాళ్ళు. ఆమె పడుకోలేదు. దేవుడి దగ్గర రెండు పడవల మీద కాళ్ళు పెట్టానేమోనన్న భయం ఆమెకు పట్టుకుంది. సూది మానేసింది. మొగుడు అడ్డుపడతాడని తెలుసు గనక మందును సింకులో చిమ్మి, ఖాళీ సూదిని ఎప్పటిలాగే చెత్తబుట్టలో వేసేది. దేవుడికి నమ్మకంగా ఉండడానికి, జన్మలో మొదటిసారి మొగుడికి అబద్ధమాడింది.

శుక్రవారం మధ్యాహ్నం తమ్ముడి ఇంటికి వెళ్తున్నానని చెప్పేది. అతను కేకుల మీద క్రీము రాస్తూ తలెత్తకుండా సరేననేవాడు.

కాలి బొటనవేలికి పుండు పడింది. మేజోడు వేసి దాచింది. బేకరీలో పాలు విరిగినా, వెన్న కంపు కొట్టినా అందరికన్నా ముందు అతని ముక్కుకే తెలిసేది. ఆ వాసన మాత్రం ఆలస్యంగా తెలిసింది. ఆసుపత్రిలో ముందు వేలు తీశారు. తర్వాత పాదం తీశారు. చివరి రోజుల్లో నర్సు వచ్చి సూది వేస్తుంటే ఆమె మొహం గోడకు తిప్పుకునేది. ఎందుకో అతనికి అప్పుడు అర్థం కాలేదు. డ్రైవరు పెళ్ళాం శుక్రవారం కూటాల సంగతి ఏడుస్తూ చెప్పాక అర్థమైంది. అప్పటికి డాక్టర్లు చేతులెత్తేశారు.

అది కూడా అతను మింగేవాడేమో. సమాధి దగ్గర డ్రైవరు అన్న మాటను మాత్రం మింగలేకపోయాడు. పెట్టె దించారు. పిడికెడు మట్టి తీసుకుని అతను వంగుతుంటే, డ్రైవరు పక్కకొచ్చి చెవి దగ్గర అన్నాడు: "అక్కకు విశ్వాసం చాల్లేదు బావా. ఆఖర్లో నువ్వు సూది పొడిపించావు కదా, అక్కడ తెగిపోయింది."

మట్టి పిడికిట్లోనే ఉండిపోయింది. కూతురు వేళ్ళు విడదీసి వేయించింది.

* * *

ఆ సంఘంలో ఒక పద్ధతుంది. ఎవరి మీదైనా మనసులో కసి ఉన్నవాడు బల్లలో పాలుపంచుకోకూడదు. రొట్టె పళ్ళెం తన దాకా వస్తే ముట్టకుండా పక్కవాడికి అందించాలి. చాలామంది ఈ పద్ధతిని చూసీ చూడనట్టు పోతారు. అత్తను తిట్టి వచ్చిన కోడలూ తింటుంది, కోడలి మీద చాడీలు చెప్పి వచ్చిన అత్తా తింటుంది. బేకరీ ఆయన అలా చెయ్యలేదు. నెలనెలా తన చేత్తోనే రొట్టె చేసి, తువ్వాల్లో చుట్టి తెచ్చి, బల్ల మీద పెట్టి, తన బెంచీలో కూర్చునేవాడు. పళ్ళెం వచ్చేది. పక్కకు అందించేవాడు.

ముందు బెంచీలో కూర్చునే కళ్ళద్దాల అవ్వ ఊరుకునేది కాదు. "వండేవాడికే ఉపవాసం ఏంట్రా? దేవుడికే నామం పెడుతున్నావా?"

"నిజం పెడుతున్నాను."

"నిజమైతే కడుపు నిండుతుందా?"

"అబద్ధమైతే నిండుతుందా అవ్వా?"

అవ్వ మూతి తిప్పుకునేది. అతనికి ఆ జవాబు బాగా నచ్చేది. ఆ పూటంతా దాన్నే తలుచుకునేవాడు.

అయ్యగారు మనసుకు కాపలా పెట్టుకోండని ప్రసంగం చేస్తే, ఈ మందిరంలో నాలాగా కాపలా కాసేవాడు ఇంకొకడు లేడని అతను అనుకునేవాడు. అది నిజమే. రేడియోలో ప్రసంగాలొస్తే కట్టేసేవాడు. గుమ్మంలోకొచ్చి కరపత్రం ఇస్తే దాని మీద బన్ను పెట్టి తిరిగిచ్చేవాడు. ఇంటింటి ప్రార్థనలకు రమ్మంటే బట్టీ ఆరిపోతుందనేవాడు. కొత్త బోధ, కొత్త పాట, కొత్త స్నేహం ఏదీ గడప దాటలేదు. భార్య ఒక్కసారి తలుపు తెరిచినందుకు ఏమైందో చూశాడు. అతను తెరవడు.

* * *

అయ్యగారు ఒక మధ్యాహ్నం బేకరీకి వచ్చాడు. వయసులో చిన్నవాడు. బెరుకు మనిషి. చెప్పాల్సిందేదో ఉంటే చెప్పుల వైపు చూసుకుంటూ చెప్తాడు.

"వందనాలన్నా."

"వందనాలు అయ్యగారూ. కూర్చోండి. బన్ను ఇప్పుడే దించాను, తింటారా?"

"వద్దన్నా. నాకూ షుగరని తేల్చారు."

అతని చేతిలో పట్టకారు ఆగింది. "సూదా, మాత్రలా?"

"మాత్రలే."

"మానకండి."

"మానను." అయ్యగారు చెప్పుల వైపు చూశాడు. "డ్రైవరు వచ్చాడన్నా."

"బస్సు రోజూ వస్తూనే ఉంది."

"నా దగ్గరకొచ్చాడు. నూనెయ్యను వదిలేశాడు. పూర్తిగా."

"ఏం, ఈసారి నడుం నొప్పి తగ్గలేదా?"

అయ్యగారు నవ్వబోయి మానుకున్నాడు. ఏదో కూటానికి డ్రైవరు నూనెయ్య బ్యాగు మోశాడట. దార్లో బ్యాగు తడిసి కారుతోందని తెరిచి చూశాడట. లోపల ఫ్లాస్కు. ఫ్లాస్కులో ఐసు.

"ఐసులో సూదులు" అన్నాడు బేకరీ ఆయన.

"నీకెలా తెలుసన్నా?"

"మా ఇంట్లోనూ ఐసులోనే ఉండేవి."

బేకరీ ఆయన నవ్వాడు. భార్య పోయాక అతను నవ్వగా ఎవరూ చూడలేదు. అయ్యగారు కుర్చీలో వెనక్కి జరిగాడు.

"అయితే ఆ పెద్దమనిషి పొద్దున్నే సూది వేసుకుని, చొక్కా దింపుకుని, అప్పుడు రెండు చేతులూ ఎత్తేవాడన్నమాట! మా పిచ్చిది ఉత్త చేతులు ఎత్తింది."

"డ్రైవరు ఆ రోజే బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడన్నా. మూడు పూటలు అన్నం ముట్టలేదట."

"మా ఆవిడ ముట్టి ఎన్నాళ్ళయింది?"

అయ్యగారు చెప్పుల్నే చూస్తూ వచ్చిన పని చెప్పాడు. "విరుపు పెడదామనుకుంటున్నాను. ఈ ఆదివారం."

విరుపు ఆ సంఘంలో పాత పద్ధతి. పోట్లాడుకున్న ఇద్దరు బల్ల దగ్గర ఎదురెదురుగా నిలబడతారు. ఒకే రొట్టెను చెరో వైపు పట్టుకుని విరుస్తారు. తన చేతిలో మిగిలిన ముక్క తను తినడు, ఎదుటివాడికిస్తాడు. ఎదుటివాడు ఇచ్చింది తను తింటాడు. ఆ తర్వాత ఇద్దరికీ బల్ల మళ్ళీ తెరుచుకుంటుంది. ఆ పాత గొడవ గురించి మళ్ళీ ఎవరూ నోరెత్తకూడదు.

"నేను విరవకపోతే?"

"వాడు బయటే ఉండాలి. పద్ధతి నీకు తెలుసు."

"మంచి పద్ధతి."

"నువ్వూ బయటే ఉన్నావన్నా. ఇన్నేళ్ళుగా. అది నాకు…" అయ్యగారి గొంతు తగ్గింది. "నెలనెలా పళ్ళెం నిన్ను దాటిపోతుంటే నాకు వాక్యం నోట్లోకి రాదు."

బేకరీ ఆయన పట్టకారు గోడకు తగిలించాడు. "రొట్టె చేస్తాను."

"చెయ్యమని కాదు, విరవమని అడుగుతున్నాను."

"రొట్టె చేస్తానన్నాను కదా అయ్యగారూ."

అయ్యగారు ఆ మాటనే సరేగా తీసుకుని వెళ్ళిపోయాడు. మంచివాళ్ళకు ఇదే జబ్బు, అవతలివాడు చెప్పని మాటను కూడా విన్నామనుకుంటారు.

* * *

కూతురు బేకరీ కౌంటరులో కూర్చుంటుంది. పెళ్ళయి రెండు వీధుల అవతల కాపురం. నోరు తల్లిది కాదు, తండ్రిదే. శనివారం రద్దీ తగ్గాక గల్లాపెట్టె మూసి, గిన్నెలు కడుగుతున్న తండ్రి పక్కకొచ్చి నిలబడింది.

"మావయ్య మా ఇంటికొచ్చాడు నాన్నా."

"తలుపు తీశావా?"

"తీశాను. లోపలికొచ్చి నేల మీద కూర్చున్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. పిల్ల వెళ్ళి ఒళ్ళో ఎక్కింది."

"పిల్లకేం తెలుసు?"

"అదే బాగుంది కదా. మనకన్నీ తెలిసి ఏం చేశాం?"

అతను గిన్నె బోర్లించాడు. కూతురు ఆగలేదు.

"రేపు విరుస్తావా?"

"నీకెందుకు?"

"నాకే కావాలి. వాళ్ళక్క నాకు అమ్మే కదా! నీ ఒక్కడి పెళ్ళామే పోయినట్టు మాట్లాడతావేంటి?"

"వాడు తీసుకుపోయాడు. లేకపోతే ఉండేది."

"మావయ్య అమ్మను మోసుకుపోలేదు నాన్నా. అమ్మ బస్సెక్కింది. తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని, తన కాళ్ళతో తనే ఎక్కింది. సింకులో మందు చిమ్మింది తన చేత్తోనే. నీకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు. రోజూ ఈ కౌంటరులో నా పక్కనే కూర్చుని, కాలు నొప్పేంటమ్మా అంటే చెప్పు కరిచిందంది. నాకు కోపం రాలేదనుకున్నావా? సమాధి దగ్గరకెళ్ళి తిట్టాను. ఎంత మాట వస్తే అంత మాట తిట్టాను. తర్వాత ఏడ్చాను. అయిపోయింది. నీకు ఆవిడ మీద వచ్చిన కోపం ఎక్కడ పెట్టావు నాన్నా? మావయ్య మీద పెట్టి దాచుకున్నావు."

"నోరు ముయ్యి."

"పోయినవాళ్ళ కళ్ళు చారడేసి అంటారు. అమ్మ కళ్ళు మామూలు కళ్ళే. ఆవిడా తప్పు చేసింది."

"ముయ్యమన్నాను!"

గిన్నె నేల మీద పడి దొర్లింది. కూతురు వంగి తీసి, తుడిచి, దాని చోట పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి తిరిగింది.

"మనసుకు తాళం వేశానని మురిసిపోతావు. దొంగను లోపలే పెట్టి వేశావు నాన్నా. బయట ఎంత కాపలా కాస్తే ఏం లాభం?"

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

కూతురు అన్నది తప్పని అతనికి అనిపించలేదు. అదే చిక్కు. డ్రైవరును వదిలేస్తే ఇంకెవరు మిగులుతారు? సింకు దగ్గర నిలబడిన ఆ మనిషి మిగులుతుంది. అన్నేళ్ళ కాపురంలో తనకు ఒక్క మాట చెప్పకుండా, పరాయివాడి మాటకు మొహం గోడకు తిప్పుకున్న ఆవిడ మిగులుతుంది. ఆమెను ద్వేషించడానికి అతనికి చేతులు రావు. ఆమె తర్వాత ఇంకొకడున్నాడు. రెండు చేతులూ ఎత్తి అడిగినా పలకని పైవాడు. ఆయన వైపు తలెత్తడానికి అతనికి ధైర్యం లేదు. డ్రైవరు అయితే చేతికందే మనిషి. ఆ మనిషిని పోగొట్టుకుంటే తాను ఏమవుతాడో అతనికి తెలియదు.

బల్ల రొట్టె పలక గోడకు ఆనించి ఉంది. దించి వేడినీళ్ళతో కడిగాడు. పొడిగుడ్డతో తుడిచాడు. మైదా పోశాడు, ఉప్పు వేశాడు, నీళ్ళు చల్లాడు. ఆమె నేర్పినట్టే, అన్నీ వరుసగా.

రేపు దీన్ని పట్టుకుని నిలబడాలి. సంఘం అంతా చూస్తుంది. పులియని రొట్టె చేతిలో ఉంటుంది, మనసులో పులుపు పులుపుగానే ఉంటుంది. అది దేవుడి ముందు అబద్ధమని అతనికి అనిపించింది. విరవనని చెప్పి ఇంట్లో కూర్చోవచ్చు. కూర్చుంటే ఓడిపోయి దాక్కున్నాడంటారు.

ఈస్ట్ డబ్బా అవతలి బల్ల మీద ఉంది. వెళ్ళి తెచ్చాడు. గోరువెచ్చని నీళ్ళలో కలిపాడు. నురగ వచ్చేదాకా ఆగాడు. ఆ పలక మీద, ఆమె పలక మీద, పిండిలో పోసి పిసికాడు. తడిగుడ్డ కప్పి బట్టీ పక్కన పెట్టాడు. పిండి నెమ్మదిగా గుడ్డను పైకి ఎత్తుతుంటే ముక్కాలి పీట మీద కూర్చుని చూశాడు.

* * *

ఆదివారం మందిరం నిండింది. విరుపు అంటే రానివాళ్ళూ వస్తారు. డ్రైవరు ముందే వచ్చి గోడవారన నిలబడ్డాడు. ఖాకీ చొక్కా, చెంపల మీద నెరిసిన గడ్డం. వాడు ముసలివాడైపోయాడని బేకరీ ఆయన గమనించాడు. గమనించినందుకు తన మీద తనకే చిరాకేసింది.

పాట అయింది. ప్రార్థన అయింది. అయ్యగారు ఇద్దరినీ పిలిచాడు. బల్ల మీద తెల్లగుడ్డ తీశాడు.

రొట్టె గుండ్రంగా, ఎర్రగా, గుమ్మడికాయంత పొంగి కూర్చుంది.

బల్ల రొట్టె అప్పడంలా పల్చగా ఉంటుందని అక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు. కళ్ళద్దాల అవ్వ లేచి నిలబడింది.

"ఇదేంట్రా? పొంగిందేంటి?"

అయ్యగారి మొహం తెల్లబోయింది. "అన్నా, పొరపాటున మామూలు రొట్టె…"

"పొరపాటు కాదు అయ్యగారూ."

"మరి?"

"నా మనసులో ఏముందో అదే తెచ్చాను. ఇందులో ఈస్ట్ ఉంది. పులియని రొట్టె పట్టుకుని, పులిసిన మనసుతో నిలబడడం నాకు చేతకాదు. దేవుడి ముందు నేను నాటకమాడను. నాటకాలాడేవాళ్ళు టైర్ల షాపు మీద ఉన్నారు."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. వెంటనే నోరు నొక్కుకున్నారు. కూతురు తలొంచుకుంది.

డ్రైవరు గోడ వదిలి బల్ల దగ్గరకొచ్చాడు. ఎదురుగా నిలబడ్డాడు.

"బావా."

అతను రొట్టెనే చూశాడు.

"సమాధి దగ్గర ఒక మాటన్నాను. అక్కకు విశ్వాసం చాల్లేదని. అది వాడు నేర్పిన మాట. కానీ అన్న నోరు నాది. అక్కకు విశ్వాసం చాలకపోవడమేంటి? ఎక్కువైంది. దాన్ని తీసుకెళ్ళి దొంగ చేతిలో పెట్టినవాణ్ణి నేను. నేనే చంపాను బావా. నువ్వు అనుకుంటున్నది నిజం."

ఈ మాట కోసం బేకరీ ఆయన ఏళ్ళ తరబడి కాచుకున్నాడు. పిండి పిసుకుతూ, బట్టీ ముందు చెమటోడుస్తూ, ఖాళీ పక్క మీద దొర్లుతూ, వాడి నోటితో వాడే ఆ మాట అన్నట్టు ఊహించుకున్నాడు. ఆ రోజున తన గుండెల మీంచి బండ దిగిపోతుందనుకున్నాడు. వాడు అననే అన్నాడు, అదీ సంఘం అందరి ముందు. బండ దిగలేదు. అసలేమీ కాలేదు. విన్నదే మళ్ళీ విన్నట్టుంది.

"పట్టుకో బావా."

అతను చేతులు కదపలేదు.

డ్రైవరు ఒక్కడే రొట్టె తీసుకున్నాడు. స్టీరింగు తిప్పి తిప్పి కాయలు కాసిన చేతులతో రెండుగా విరిచాడు. పద్ధతి ప్రకారం బావ చేతి ముక్క తనకు రావాలి. బావ ఇవ్వడు గనక తనే ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ముక్కలు చొక్కా మీద రాలుతున్నాయి.

"పులిసిందైనా సరే. నువ్వు ఏది పెడితే అది తింటాను" అన్నాడు నిండు నోటితో.

రెండో ముక్క చాచి పట్టుకున్నాడు. చెయ్యి అలాగే ఉంది. అందుకుంటే అయిపోతుంది. అందుకోవడానికి జానెడు దూరం లేదు. రొట్టె లోపలి తెలుపు, దాని మెత్తటి వాసన మొహానికి తగులుతోంది.

"అన్నా" అన్నాడు అయ్యగారు, బతిమాలినట్టు.

బేకరీ ఆయన గొంతు సవరించుకున్నాడు. "పక్కకు అందించండి అయ్యగారూ."

అయ్యగారు తెల్లగుడ్డ తీసి ఖాళీ పళ్ళెం మీద కప్పాడు. "ఈ రోజు బల్ల లేదు. అందరూ ప్రార్థించుకుని ఇళ్ళకు వెళ్ళండి" అన్నాడు. ఆ మందిరంలో ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

కళ్ళద్దాల అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి బేకరీ ఆయన ముందు నిలబడింది. "నాకెన్ని ఆదివారాలు మిగిలాయో నాకే తెలీదు. నీ ఒక్కడి కోపానికి ఇంతమంది నోటి దగ్గర కూడు లాగేశావు కదరా. నీ నిజం నువ్వే తిను."

అతను ఖాళీ తువ్వాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

* * *

ఆ వారంలో అయ్యగారు మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. సంఘపెద్దలు మాట్లాడుకున్నారని, ఇకనుంచి బల్ల రొట్టె బడి టీచరమ్మ చేస్తుందని చెప్పాడు. పలక అడిగాడు. బేకరీ ఆయన లోపలికెళ్ళి, కడిగి, తువ్వాల్లో చుట్టి తెచ్చిచ్చాడు. ఈస్ట్ అంటిన పలక పనికొస్తుందా అని అయ్యగారు అడగలేదు. అతనూ చెప్పలేదు. టీచరమ్మ కొత్తది చేయించుకుందని తర్వాత తెలిసింది. భార్య పలక ఎక్కడ పారేశారో అతను ఆరా తీయలేదు.

తర్వాతి బల్లకు డ్రైవరును చేర్చుకున్నారు. వాడు తన వంతు విరిచాడు, తిన్నాడు, ఇంకేం చెయ్యాలని పెద్దలు అన్నారట. అయినా పద్ధతి పద్ధతే, విరవడానికి ఎదుట ఒక మనిషి కావాలి. అవ్వ లేచింది. "ఆ పోయిన పిల్ల తరపున నేను విరుస్తాను" అంది. పల్చటి రొట్టె ఒక కొస ఆమె పట్టుకుంది. డ్రైవరు రెండో కొస పట్టుకున్నాడు. చిన్న చప్పుడుతో విరిగింది. వాడు అవ్వ చేతి ముక్క తిని, అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కూతురు వెళ్ళి లేపింది.

బేకరీ ఆయన వెనక బెంచీ నుంచి చూశాడు. తన భార్య తరపున ఎవరో క్షమించారు. తనను ఒక్క మాటైనా అడగలేదు. పళ్ళెం బెంచీ తర్వాత బెంచీ దాటుకుంటూ అతని దాకా వచ్చింది. అందుకుని పక్కకిచ్చాడు. ఇదివరకు ఆ ఇవ్వడంలో ఒక పౌరుషం ఉండేది. ఇప్పుడు పక్కవాడు అతని మొహం చూడకుండానే చెయ్యి చాచి తీసుకున్నాడు.

ఆ మర్నాడు కూతురు కౌంటరు వదిలి తండ్రి పక్కకొచ్చింది.

"నాన్నా, ఇప్పటికైనా ఆలస్యం కాలేదు. అవ్వ ఉంది, అయ్యగారున్నారు. నువ్వు ఊఁ అంటే…"

అతను పిండి పిసుకుతున్నవాడల్లా ఆపాడు. చేతులు పైకి తీశాడు. మోచేతుల దాకా పిండి.

"విను. ఒక్కసారే చెప్తాను. మీ అమ్మ సంగతి, మీ మావయ్య సంగతి, ఆ రొట్టె సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నువ్వు గానీ, అయ్యగారు గానీ, నా మనవరాలు పెద్దదై అడిగినా సరే. నేనూ ఎత్తను. రేపు పైన ఆయన అడిగినా నా నోటి నుంచి ఒక్క ముక్క రాదు."

చేతులు మళ్ళీ పిండిలో పెట్టాడు.